వెనుక చక్రపు డ్రమ్ము: పాత కార్లలో డిస్కు బ్రేకుల మార్పిడి - ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

పాత కార్ల పునరుద్ధరణలో వెనుక చక్రాల డ్రమ్ము బ్రేకులను తొలగించి వాటి స్థానంలో డిస్కు బ్రేకులను అమర్చడం నేడు తరచుగా కనిపించే మార్పు. కాలం చెల్లినదాన్ని తీసివేసి మెరుగైనదాన్ని చేర్చడంగానే దీన్ని సాధారణంగా భావిస్తారు. మోటారు వాహనాల బ్రేకుల చరిత్రను వెనుక చక్రం వైపు నుండి చదివినప్పుడు ఈ భావన నిలవదని, వెనుక డ్రమ్ము చాలా కార్లలో తెలిసి చేసిన ఎంపిక అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ ఎంపిక వెనుక ఉన్న కారణాలను, మార్పిడి వల్ల భద్రతకూ చారిత్రక సాక్ష్యానికీ కలిగే పర్యవసానాలను పరిశీలిస్తుంది.

కీలకపదాలు: డ్రమ్ము బ్రేకు, డిస్కు బ్రేకు, భార బదిలీ, హ్యాండ్ బ్రేకు, పునరుద్ధరణ, ట్యూరిన్ పత్రం, వింటేజ్ వాహనాలు.

ఉపోద్ఘాతం

ఇంగ్లండులోని అబింగ్డన్ కర్మాగారం నుండి 1958లో ఎం.జి.ఎ. ట్విన్ క్యామ్ అనే క్రీడా కారు వెలువడింది. దాని నాలుగు చక్రాలకూ డన్‌లప్ సంస్థ తయారుచేసిన డిస్కు బ్రేకులు ఉండేవి. నాలుగేళ్ల తరువాత, 1962లో, అదే కర్మాగారం ఎం.జి.బి.ని విడుదల చేసింది. ఇది కొత్త కారు. అయినా దీని ముందు చక్రాలకు మాత్రమే డిస్కులు ఉన్నాయి. వెనుక చక్రాలకు డ్రమ్ములు అమర్చారు. 1980లో ఉత్పత్తి ఆగిపోయేవరకు, ఐదు లక్షలకు పైగా తయారైన ఆ కార్లలో ఈ ఏర్పాటు మారలేదు.

సాంకేతిక చరిత్రను మెట్ల వరుసగా ఊహించుకొనేవారికి ఇది ఇబ్బంది కలిగించే ఉదాహరణ. నాలుగు డిస్కుల బ్రేకు అప్పటికే చేతిలో ఉన్న తయారీదారు రెండింటిని ఎందుకు వదులుకున్నాడు? ఖర్చు అన్నది తొందరగా తట్టే సమాధానం. అది అబద్ధం కాదు గాని, పూర్తి సమాధానమూ కాదు. ఈ రోజు అదే ఎం.జి.బి.ని పునరుద్ధరించే యజమాని వెనుక డ్రమ్ములను విప్పి డిస్కులు బిగించినప్పుడు, 1962 నాటి ఇంజనీర్లు తెలిసి తిరస్కరించిన మార్గాన్ని ఎంచుకుంటున్నాడు. వారు ఎందుకు తిరస్కరించారో అతనికి తెలియాలి. తెలిశాక కూడా మార్చవచ్చు. అది వేరే సంగతి.

వెనుక చక్రమే బ్రేకుగా ఉన్న కాలం

తొలి మోటారు వాహనాలకు బ్రేకు గుర్రపు బండి నుండి వచ్చింది. వెనుక చక్రపు పట్టాకు ఒక దిమ్మెను నొక్కి బండిని ఆపేవారు. గాలి నింపిన రబ్బరు టైర్లు రాగానే ఈ పద్ధతి పనికిరాకుండా పోయింది. తరువాత వచ్చింది పట్టీ బ్రేకు: చక్రంతోపాటు తిరిగే డ్రమ్ముకు వెలుపల ఒక పట్టీని చుట్టి బిగించేవారు. బురద, నీరు దానికి నేరుగా తగిలేవి. చాలా పట్టీలు ముందుకు సాగే బండినే బాగా పట్టుకొనేవి. ఎత్తు మీద బండి వెనక్కి జారితే పట్టు సడలిపోయేది.

1902లో ఫ్రాన్సుకు చెందిన లూయీ రెనో ఈ అమరికను లోపలికి తిప్పారు. డ్రమ్ము లోపల రెండు అర్ధచంద్రాకారపు షూలు వెలుపలికి విచ్చుకొని దాని గోడను ఒరుసుకొనే ఆధునిక డ్రమ్ము బ్రేకు ఆయన పేరిటే ప్రసిద్ధమైంది. సరిగ్గా అదే సంవత్సరం ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్కు బ్రేకుకు పేటెంటు పొందారు. చక్రంతో తిరిగే పలుచని లోహపు పళ్లేన్ని రెండు వైపుల నుండి పట్టుకొనే పద్ధతి అది. అంటే డ్రమ్ము తాత కాదు, డిస్కు మనుమడూ కాదు. రెండూ ఒకే ఏడాది పుట్టిన కవలలు. లాంచెస్టర్ డిస్కు వెనుకబడిపోవడానికి ఆయన ఆలోచనలోని లోపం కారణం కాదు. ఆయన వాడిన రాగి ప్యాడ్లు లోహాన్ని ఒరుసుకొని చెవులు చిల్లులుపడేలా కీచుమనేవి. ఆనాటి దుమ్ము రోడ్ల మీద త్వరగా అరిగిపోయేవి. వేడిని, అరుగుదలను తట్టుకొనే ఘర్షణ పదార్థం అప్పటికి లేదు. ఆ శతాబ్దపు తొలి దశకంలోనే హెర్బర్ట్ ఫ్రూడ్ ఆస్‌బెస్టాస్‌తో లైనింగులు రూపొందించారు. అయితే ఆ పదార్థం వల్ల ముందుగా లాభపడింది డ్రమ్మే.

ఇక్కడ గమనించవలసిన మరో అంశం, ఆ కాలంలో బ్రేకులు దాదాపుగా వెనుక చక్రాలకే పరిమితమై ఉండడం. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీలో కాలి బ్రేకు గేర్ల పెట్టె మీద పనిచేసేది. చేతి మీట వెనుక డ్రమ్ములను బిగించేది. ముందు చక్రాలకు ఏమీ లేదు. ముందు చక్రాలను ఆపితే బండి పల్టీ కొడుతుందని, చుక్కాని అదుపు తప్పుతుందని భయపడేవారు. తిరుగుతూ, పైకీ కిందికీ ఊగే చక్రానికి కడ్డీలతో బలాన్ని సమానంగా అందించడమూ కష్టమే. ఆ చిక్కును తీర్చింది ద్రవపీడనం. 1921 నాటి డ్యూసెన్‌బర్గ్ మోడల్ ఏ నాలుగు చక్రాలకూ ద్రవపీడన బ్రేకులతో అమ్మకానికి వచ్చింది. ఫోర్డ్ సంస్థ మాత్రం ద్రవపీడనాన్ని 1939 వరకు ఒప్పుకోలేదు.

బరువు ముందుకు ఒరిగినప్పుడు

ముందు చక్రాలకు బ్రేకు రావడంతో వెనుక బ్రేకు స్థానం ఒక్కసారిగా దిగజారింది. ఇందుకు కారణం భార బదిలీ. బండి ఆగుతున్నప్పుడు దాని బరువు ముందు ఇరుసు మీదికి ఒరుగుతుంది. ఎంత ఒరుగుతుందన్నది మూడు కొలతలను బట్టి ఉంటుంది: ఎంత గట్టిగా ఆపుతున్నారు, గురుత్వ కేంద్రం నేలకు ఎంత ఎత్తులో ఉంది, రెండు ఇరుసుల మధ్య ఎంత దూరం ఉంది.

ఇరుసుల మధ్య 2.46 మీటర్లు, గురుత్వ కేంద్రం నేలకు 0.55 మీటర్ల ఎత్తున ఉన్న కారును తీసుకొందాం. నిలిచి ఉన్నప్పుడు ముందు, వెనుక ఇరుసులు చెరి సగం బరువు మోస్తున్నాయనుకొందాం. గురుత్వ త్వరణంలో 0.3 వంతు మేర ఆపితే, మొత్తం బరువులో దాదాపు 7 శాతం ముందుకు కదులుతుంది. 0.8 వంతు మేర ఆపితే 18 శాతం కదులుతుంది. అప్పుడు ముందు ఇరుసు మీద 68 శాతం, వెనుక ఇరుసు మీద 32 శాతం మాత్రమే ఉంటాయి. ఇంజను బరువు ముందే ఉన్న కార్లలో వెనుక వాటా ఇంకా తగ్గుతుంది.

ఈ లెక్కలో చరిత్రకు సంబంధించిన ఒక మెలిక ఉంది. సన్నని పాత టైర్లు, నాసిరకం రోడ్లు ఉన్న రోజుల్లో ఎవరూ 0.8 వరకు ఆపలేకపోయేవారు. తక్కువగా ఆపితే బరువు తక్కువగా ఒరుగుతుంది. కనుక వెనుక బ్రేకు వాటా ఎక్కువగానే ఉండేది. టైర్లు, రోడ్లు, ముందు బ్రేకులు మెరుగుపడుతున్నకొద్దీ బండిని గట్టిగా ఆపడం సాధ్యమైంది; దానితో వెనుక చక్రానికి మిగిలే పని తగ్గింది. అంటే అభివృద్ధి వెనుక డ్రమ్మును పనికిరానిదిగా చేయలేదు. దాని మీది భారాన్ని తగ్గించి, దానికి తగిన పనినే మిగిల్చింది.

డ్రమ్ము గుణం, డ్రమ్ము దోషం

డ్రమ్ము బ్రేకుకు ఒక సహజమైన గుణం ఉంది. షూ డ్రమ్మును తాకగానే, తిరిగే డ్రమ్ము ఆ షూను తనతోపాటు లాక్కుపోవాలని చూస్తుంది. షూ ఒక చివర కీలుకు ఆని ఉంటుంది గనుక, ఆ లాగుడు షూను డ్రమ్ములోకి మరింత గట్టిగా నొక్కుతుంది. డ్రైవరు పెట్టిన బలాన్ని బండి తన సొంత వేగంతోనే పెంచుకొంటుందన్నమాట. ఘర్షణ గుణకం 0.4 ఉన్నప్పుడు డిస్కు బ్రేకులో నొక్కే బలానికి ఘర్షణ బలం 0.8 రెట్లే ఉంటుంది. మామూలు డ్రమ్ములో అది సుమారు 2 రెట్లు. రెండు షూలూ ఒకదాన్నొకటి తోసుకొనే అమెరికన్ పద్ధతి డ్రమ్ములో 5 రెట్ల దాకా పోతుంది. బరువైన కార్లను ఏ అదనపు సహాయమూ లేకుండా కాలి బలంతోనే ఆపగలిగింది ఈ గుణం వల్లనే.

దోషం కూడా అక్కడే ఉంది. వరుసగా బ్రేకు వేస్తే వేడికి లైనింగు ఘర్షణ గుణకం తగ్గుతుంది. 0.4 నుండి 0.3కి తగ్గిందనుకొంటే, డిస్కు తన శక్తిలో నాలుగో వంతు కోల్పోతుంది. ఐదు రెట్ల డ్రమ్ము మాత్రం సగం దరిదాపుల్లోకి పడిపోతుంది. పైగా డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి షూలకు దూరంగా జరుగుతుంది. పెడల్ మరింత కిందికి దిగిపోతుంది. డిస్కు వేడెక్కితే లావెక్కి ప్యాడ్ల వైపే జరుగుతుంది. డ్రమ్ములోకి చేరిన నీరు ఓ పట్టాన బయటికి రాదు. వాన నీటిలో నుండి వచ్చిన పాతకాలపు డ్రైవర్లు పెడల్‌ను కాసేపు మెల్లగా నొక్కి పట్టుకొని నడపడం ఇందుకే.

విమానాల నుండి లె మాన్ వరకు

డిస్కును మళ్లీ వెలుగులోకి తెచ్చింది రెండో ప్రపంచ యుద్ధం. భారీ విమానాలు దిగేటప్పుడు వాటి గతిశక్తిని కొద్ది క్షణాల్లో వేడిగా మార్చాలి; అందుకు డ్రమ్ము చాలలేదు. జర్మనీ టైగర్ యుద్ధ ట్యాంకులోనూ డిస్కు బ్రేకులే వాడారు. యుద్ధానంతరం అమెరికాలో 1949లో క్రాస్‌లీ, క్రైస్లర్ కంపెనీలు కార్లలో రెండు భిన్న తరహా డిస్కులను ప్రవేశపెట్టాయి. శీతకాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పుకు క్రాస్‌లీ బ్రేకులు తుప్పుపట్టి బిగుసుకుపోవడంతో, కొద్ది కాలానికే ఆ కంపెనీ మళ్లీ డ్రమ్ములకు మళ్లింది.

అసలు పరీక్ష పందెపు బాటల మీద జరిగింది. డన్‌లప్, జాగ్వార్ సంస్థలు కలిసి రూపొందించిన డిస్కు బ్రేకులతో 1952లో స్టిర్లింగ్ మాస్ ఇటలీలోని మిల్లె మిగ్లియా పందెంలో పాల్గొన్నారు. అదే ఏడాది ఫ్రాన్సులోని రాన్స్ పందెంలో గెలిచారు. 1953లో లె మాన్ 24 గంటల పందెంలో టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్ నడిపిన జాగ్వార్ సీ-టైప్ మొదటి స్థానంలో నిలిచింది. అదే జట్టు కార్లు రెండో, నాలుగో స్థానాలు కూడా పొందాయి. గెలిచిన కారు సగటు వేగం గంటకు 170 కిలోమీటర్లు. ఆ పందెంలో సగటు గంటకు 100 మైళ్లు దాటడం అదే మొదటిసారి. దాదాపు ఆరు కిలోమీటర్ల తిన్నని బాట చివర, ప్రతి చుట్టులోనూ, రాత్రింబవళ్లు ఒకే చోట ఒకే విధంగా బ్రేకు వేయగలగడమే ఆ విజయానికి మూలమని చరిత్రకారులు గుర్తించారు.

రెండేళ్ల తరువాత అదే బాట మీద జరిగిన ఘోరం డిస్కు చరిత్రలో తరచుగా ప్రస్తావనకు వస్తుంది. 1955 జూన్ 11న మైక్ హాథార్న్ తన జాగ్వార్‌ను మరమ్మతు స్థలం వైపు మళ్లిస్తూ వేగం తగ్గించారు. వెనుక వస్తున్న లాన్స్ మాక్లిన్ తన ఆస్టిన్-హీలీని పక్కకు తిప్పారు. అంతకంటే వేగంగా వస్తున్న పియెర్ లెవెగ్ మెర్సిడిస్ దాన్ని ఢీకొని జనం మీదికి ఎగిరింది. లెవెగ్‌తోపాటు 80 మందికి పైగా ప్రేక్షకులు మరణించారు. జాగ్వార్‌కు డిస్కులు, మెర్సిడిస్‌కు డ్రమ్ములు. అందువల్లే ప్రమాదం అన్న కథ బహుళ ప్రచారంలో ఉంది. కాని నడుమ చిక్కుకొని పక్కకు తిరిగిన ఆస్టిన్-హీలీ 100ఎస్‌కు నాలుగు చక్రాలకూ డిస్కులే ఉన్నాయి. మెర్సిడిస్ ఇంజనీర్లు డ్రమ్ముల లోటును ముందే గుర్తించి, కారు వీపు మీద గాలిని అడ్డుకొనే పెద్ద రెక్కను అమర్చారు. అధికారిక విచారణ ఏ డ్రైవరునూ దోషిగా తేల్చలేదు. బాట ఇరుకుదనం ప్రధానంగా విమర్శకు గురైంది. విషాదాన్ని ఒక యంత్రభాగానికి అంటగట్టే కథలు వినడానికి ఇంపుగా ఉంటాయి. వాటిని నమ్మే ముందు మధ్యలో ఉన్న మూడో కారును కూడా చూడాలి.

ముందు డిస్కు, వెనుక డ్రమ్ము

1955 అక్టోబరులో పారిస్ ప్రదర్శనలో సిట్రోయెన్ డీ.ఎస్. కనిపించింది. భారీ సంఖ్యలో తయారైన కార్లలో డిస్కు బ్రేకును స్థిరంగా నిలబెట్టింది ఇదే. అయితే అందులో డిస్కులు ముందు చక్రాలకే. వెనుక డ్రమ్ములకు వెళ్లే పీడనం వెనుక సస్పెన్షన్ పీడనాన్ని అనుసరించి ఉండేది: వెనుక సీట్లో మనుషులు ఎక్కితే వెనుక బ్రేకు బలం పెరిగేది, దిగితే తగ్గేది. అంత నవీనమైన కారును ఊహించిన ఇంజనీర్లు వెనుక డ్రమ్మును మరచిపోయి వదిలేశారనడం కుదరదు. వెనుక చక్రానికి కావలసింది మరింత బలం కాదు, బరువుకు తగిన బలం అని వారు గుర్తించారు.

1956లో ట్రయంఫ్ టీ.ఆర్.3, 1961లో మినీ కూపర్ ఇదే దారి పట్టాయి. 1957 నాటి జాగ్వార్ ఎక్స్‌.కె.150లోను, 1961 నాటి ఈ-టైప్‌లోను నాలుగు డిస్కులు వచ్చాయి. ఈ-టైప్ వెనుక డిస్కులను చక్రాల దగ్గర కాక, ఇరుసు మధ్యలో ఉన్న గేర్ల పెట్టెను ఆనుకొని అమర్చారు. చక్రాల బరువు తగ్గింది. కాని డిస్కుల వేడికి ఆ పెట్టె ఆయిల్ సీళ్లు దెబ్బతినేవి. ప్యాడ్లు, డిస్కుల పని అంటే నేటికీ మెకానిక్కులు నిట్టూర్చే కార్లలో అదొకటి.

వెనుక డిస్కుకు అసలు అడ్డంకి హ్యాండ్ బ్రేకు. డ్రమ్ముకు సొంతంగా బలాన్ని పెంచుకొనే గుణం ఉంది గనుక, ఒక సన్నని తీగ లాగినా బండిని వాలు మీద నిలబెడుతుంది. డిస్కుకు ఆ గుణం లేదు. పైగా వేడిగా ఉన్నప్పుడు బిగించి వదిలేస్తే, డిస్కు చల్లారి సన్నబడగానే పట్టు సడలుతుంది. జాగ్వార్ హ్యాండ్ బ్రేకు కోసం వేరే చిన్న క్యాలిపర్లు పెట్టింది. వాటి పట్టు చాలదన్నది ఆ కార్ల యజమానుల్లో పాత ఫిర్యాదు. అమెరికాలో 1965 షెవర్లే కార్వెట్ నాలుగు డిస్కులతో వచ్చినప్పుడు దీనికి మరో పరిష్కారం చూపింది: వెనుక డిస్కు నడిబొడ్డులో చిన్న డ్రమ్మును దాచారు. నడుస్తున్నప్పుడు డిస్కు, నిలిపినప్పుడు డ్రమ్ము. తరువాతి కాలంలో ఎన్నో ఖరీదైన కార్లు ఈ పద్ధతినే పాటించాయి. డ్రమ్మును జయించిందని చెప్పే డిస్కు కడుపులోనే డ్రమ్ము మిగిలిపోయింది.

భారతీయ అనుభవం

భారతదేశంలో 1950ల చివర నుండి దశాబ్దాలపాటు రోడ్లను ఏలిన అంబాసిడర్, ఫియట్ 1100 కార్లు నాలుగు చక్రాలకూ డ్రమ్ములతోనే వచ్చాయి. మొదటిది మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణికి భారతీయ రూపం. 2014 వరకు ఉత్తర్‌పారాలో తయారైంది. ఈ కార్లలో షూలు అరిగినకొద్దీ పెడల్ కిందికి దిగుతుంది గనుక, కొన్ని నెలలకొకసారి బ్రేకులు బిగించడం యజమానికి తప్పని పని. ముందు డిస్కు, వెనుక డ్రమ్ము అన్న ఏర్పాటు దేశంలోని సామాన్య కుటుంబాలకు మారుతి 800 వంటి చిన్న కార్లతో పరిచయమైంది. అది ఇప్పటికీ పోలేదు. నేడు అమ్ముడవుతున్న చిన్న కార్లలో అధిక భాగం వెనుక డ్రమ్ములతోనే వస్తున్నాయి.

తెలుగు ప్రాంతంలో ఈ బ్రేకుల బలహీనతను అర్థం చేసుకోవడానికి తిరుమల కనుమదారి మంచి ఉదాహరణ. 1944లో తెరచిన తొలి దారినే నేడు కొండ దిగడానికి వాడుతున్నారు. కొండకూ తిరుపతికీ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. ప్రయాణికులతో కలిపి 1400 కిలోల బరువున్న కారు ఆ ఎత్తు దిగినప్పుడు వదులుకొనే స్థితిశక్తి దాదాపు 96 లక్షల జౌళ్లు. సుమారు 28 లీటర్ల నీటిని 20 డిగ్రీల నుండి మరిగే స్థితికి తేవడానికి అది చాలు. అందులో కొంత గాలికీ టైర్లకూ పోగా, మిగిలినది ఇంజనో బ్రేకులో భరించాలి. అందుకే కనుమ దిగేటప్పుడు బండిని రెండో గేరులో ఉంచమని, బ్రేకును తొక్కి పట్టవద్దని పాత డ్రైవర్లు శిష్యులకు నేర్పేవారు. అక్కడ కాపాడేది వెనుక డిస్కు కాదు, గేరు. ఈ మాట ఇప్పటి కార్లకూ వర్తిస్తుంది.

మార్పిడిలో ఏం జరుగుతుంది

పాత కారుకు వెనుక డిస్కులు అమర్చడం చక్రం దగ్గర మొదలై చక్రం దగ్గరే ముగిసే పని కాదు. ముందుగా గుర్తించవలసినది, ఒకే ఒక్కసారి బండిని అత్యవసరంగా ఆపినప్పుడు ఎంత దూరంలో ఆగుతుందన్నది టైరుకూ రోడ్డుకూ మధ్య పట్టు మీదనే ఆధారపడుతుంది. ఉన్న డ్రమ్ములే చక్రాన్ని బిగబట్టగలిగితే, డిస్కులు ఆ దూరాన్ని తగ్గించలేవు. డిస్కుల లాభం వేడిలో, తడిలో, మళ్లీ మళ్లీ ఆపవలసి వచ్చినప్పుడు కనిపిస్తుంది. పెడల్ స్పందన ఒకేలా ఉండడంలో కనిపిస్తుంది. పందెపు బాట మీద అది పెద్ద లాభం. ఆదివారం ఉదయం ఊళ్లో తిరిగే కారుకు అది దాదాపు శూన్యం.

నష్టం మాత్రం ఎక్కడైనా కలగవచ్చు. డిస్కు క్యాలిపర్ పిస్టన్ వైశాల్యం డ్రమ్ములోని వీల్ సిలిండర్ వైశాల్యం కంటే సాధారణంగా చాలా ఎక్కువ. కాబట్టి దానికి ఎక్కువ బ్రేకు ఆయిల్ కావాలి. పాత మాస్టర్ సిలిండర్ అంత ఆయిల్‌ను తోయలేకపోతే పెడల్ నేలకు తాకుతుంది. డ్రమ్ము వ్యవస్థల్లో చాలావాటిలో గొట్టాల్లో కొద్దిపాటి పీడనాన్ని ఎప్పుడూ నిలిపి ఉంచే ఒక కవాటం ఉంటుంది. డ్రమ్ముకు అది మేలు. డిస్కుకు అదే పీడనం ప్యాడ్లను నిరంతరం ఒరిపిస్తూ వేడెక్కిస్తుంది. ఆ కవాటాన్ని మరచిపోయిన మార్పిడులు కొద్ది కిలోమీటర్లకే వెనుక చక్రాలను కాల్చేస్తాయి.

అన్నిటికంటే ప్రమాదకరమైనది ముందు-వెనుకల పొత్తు చెడడం. పైన చెప్పిన లెక్కలో గట్టి బ్రేకులో వెనుక ఇరుసు మీద 32 శాతం బరువే మిగిలింది. వెనుక క్యాలిపర్లు ఆ వాటాకు మించి పట్టుకొంటే, ముందు చక్రాలకంటే ముందుగా వెనుక చక్రాలు బిగుసుకొంటాయి. ముందు చక్రాలు బిగుసుకొన్న కారు తిన్నగా జారుతుంది. వెనుక చక్రాలు బిగుసుకొన్న కారు గిర్రున తిరుగుతుంది. ఈ ప్రమాదాన్ని నివారించడానికి పీడనాన్ని పంచే కవాటాన్ని చేర్చి, తడి రోడ్డు మీదా పొడి రోడ్డు మీదా పరీక్షించి సరిచేయాలి. దీనికి భయపడి మరీ చిన్న క్యాలిపర్లు పెడితే వెనుక బ్రేకు అలంకారంగా మిగిలి, ముందు బ్రేకుల మీదే భారమంతా పడుతుంది. కారు మునుపటికంటే ఎక్కువ దూరంలో ఆగుతుంది. హ్యాండ్ బ్రేకు సమస్య 1957లో ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది.

భద్రతే లక్ష్యమైతే పాత కార్లలో ముందుగా మార్చవలసినది మరొకటి ఉంది. 1960ల మధ్యవరకు అధిక భాగం కార్లలో నాలుగు చక్రాలకూ కలిపి ఒకటే ద్రవ మార్గం. ఒక్క గొట్టం పగిలితే నాలుగు బ్రేకులూ పోతాయి. అమెరికా 1968 నుండి కొత్త కార్లలో రెండు వేర్వేరు మార్గాలను తప్పనిసరి చేసింది. పాత కారుకు రెండు మార్గాల మాస్టర్ సిలిండర్ అమర్చడం వెనుక డిస్కులకంటే చవక, ప్రాణరక్షణలో ఎన్నో రెట్లు మేలు. కాని అది బానెట్ కింద దాగి ఉంటుంది. డిస్కు చక్రం ఊచల మధ్య నుండి మెరుస్తూ కనిపిస్తుంది. మార్పిడి ఎంపికల్లో ఈ కనిపించడం అన్నది ఒప్పుకోనంత పెద్ద పాత్ర పోషిస్తుంది.

పాత డ్రమ్ములను విప్పేవారికి సంబంధించిన మరో సంగతి: ఆనాటి లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. డ్రమ్ములో పేరుకొన్న దుమ్మును గాలితో ఊదడం ఊపిరితిత్తులకు ప్రాణాంతకం. తడిపి తుడవడమే సరైన పద్ధతి.

సాక్ష్యంగా కారు

పాత కారు వాహనమే కాదు, దస్తావేజు కూడా. ఈ దృష్టితో అంతర్జాతీయ పురాతన వాహనాల సమాఖ్య 2012లో ట్యూరిన్ పత్రాన్ని ఆమోదించింది. కట్టడాల సంరక్షణకు 1964లో రూపొందిన వెనిస్ పత్రం దీనికి ఆదర్శం. అవసరమైన మార్పులు వాహనపు మూలరూపాన్ని వీలైనంత తక్కువగా తాకాలని, తిరిగి వెనక్కి తీసుకోగలిగేలా ఉండాలని, చేసినది నమోదు కావాలని ఆ పత్రపు ధోరణి. వెనుక డిస్కుల మార్పిడిని ఈ గీటురాయి మీద చూస్తే రెండు రకాలు కనిపిస్తాయి. ఇరుసు అంచున ఉన్న రంధ్రాలకే బోల్టులతో బిగించి, ఎప్పుడైనా విప్పగలిగేవి ఒక రకం. ఇరుసును కోసి, కొత్త దిమ్మెలు వెల్డింగు చేసి, హ్యాండ్ బ్రేకు తీగ దారిని శాశ్వతంగా మార్చేవి రెండో రకం. మొదటిది వ్యాఖ్యానం వంటిది; రెండోది మూలపాఠాన్ని చెరిపి రాయడం.

ఇదే సమయంలో డ్రమ్ము మళ్లీ కొత్త కార్లలోకి వస్తోంది. ఫోక్స్‌వాగన్ విద్యుత్ కారు ఐడీ.3 వెనుక చక్రాలకు డ్రమ్ములు ఉన్నాయి. విద్యుత్ మోటారే బండిని చాలామటుకు నెమ్మదింపజేస్తుంది గనుక వెనుక బ్రేకుకు పని తక్కువ. పని లేని డిస్కు తుప్పుపడుతుంది, మూసి ఉన్న డ్రమ్ము పట్టదు. బ్రేకుల నుండి వెలువడే ధూళికి ఐరోపా సమాఖ్య 2024లో ఆమోదించిన యూరో 7 నిబంధనలు తొలిసారి హద్దులు పెట్టాయి. ధూళిని తనలోనే ఉంచుకొనే డ్రమ్ముకు అది మరో అనుకూలత. క్రాస్‌లీ డిస్కులను 1949లో ఓడించిన తుప్పే ఇప్పుడు డ్రమ్మును తిరిగి పిలుస్తోంది.

భారతదేశంలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇచ్చిన తీర్పులో దీన్ని కఠినంగానే అన్వయించింది. 2021 జూలైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో వింటేజ్ వాహనాల కోసం ప్రత్యేక అధ్యాయాన్ని చేర్చారు. 50 ఏళ్లు దాటి, మూలరూపంలో ఉంచిన వాహనాలకు ‘వీఏ’ అక్షరాలతో రిజిస్ట్రేషన్ లభిస్తుంది. పెద్ద మార్పులు జరగకూడదన్న షరతులో ఛాసిస్, బాడీ, ఇంజనుల పేర్లు ఉన్నాయి; బ్రేకుల పేరు లేదు. కాబట్టి వెనుక డ్రమ్ములు పోగొట్టుకొన్న 1960 నాటి అంబాసిడర్ కూడా కాగితాల మీద మూలరూపంలో ఉన్నట్లే నమోదు కావచ్చు. ఆ మార్పు ఎప్పుడు, ఎవరు, ఎందుకు చేశారో తెలుసుకోవాలనుకొనే పరిశోధకునికి మిగిలేది ఇరుసు అంచున వెల్డింగు మచ్చ, పాత హ్యాండ్ బ్రేకు తీగ వేలాడిన ఖాళీ కొక్కెం.